బటన్ సెల్ మారుస్తున్నారా? కొలత కుదిరితే చాలదు

వాచీ ఆగిపోయింది. జ్వరం చూసే థర్మామీటర్ మిణుకుమిణుకుమంటోంది. కారు రిమోట్ పక్కకెళ్ళి నొక్కితే గానీ పలకడం లేదు. పాత సెల్ తీసి కొట్టుకు పట్టుకెళ్తే, కొట్టతను దాని పక్కన ఇంకోటి పెట్టి చూసి "ఇది సరిపోతుందండీ" అని చేతిలో పెడతాడు. అతను చూసింది కొలత మాత్రమే. 11.6 మిల్లీమీటర్ల వెడల్పు, 5.4 మిల్లీమీటర్ల మందం ఉన్న సెల్‌లు బజార్లో మూడు రకాలు దొరుకుతాయి: ఆల్కలైన్ ఎల్ఆర్44, సిల్వర్ ఆక్సైడ్ ఎస్ఆర్44, చెవి మిషన్లకు వాడే జింక్-ఎయిర్ 675. మూడూ ఒకే గూట్లో పడతాయి. లోపలి రసాయనం, వోల్టేజి, ఎన్నాళ్ళు పనిచేస్తుందన్నది దేనికదే వేరు. సెల్ ఎంపికలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి.

## ముందుగా తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు వోల్టేజి. బటన్ సెల్‌లలో పెద్ద కుటుంబాలు రెండే. ఒకటిన్నర వోల్టుల చుట్టుపక్కల ఉండేవి ఒకటి (ఆల్కలైన్ 1.5, సిల్వర్ 1.55, జింక్-ఎయిర్ 1.4). మూడు వోల్టుల లిథియం రెండోది. ఒక కుటుంబం చోట రెండోదాన్ని ఏ పరిస్థితిలోనూ పెట్టకూడదు.

తర్వాత మందం. వెడల్పు తేడా ఉంటే సెల్ ఎలాగూ పట్టదు కాబట్టి దానితో పేచీ లేదు. మందం దగ్గరే సర్దుబాట్లు చేస్తుంటారు. సీఆర్2025 ఉండాల్సిన చోట సీఆర్2032ని అదిమి పెడితే, ఎక్కువైన 0.7 మిల్లీమీటర్లకు లోపలి రేకు వంగిపోతుంది. ఆ తర్వాత సరైన సెల్ తెచ్చి పెట్టినా రేకు దానికి తగలదు. "సెల్ కొత్తదే, అయినా పనిచేయడం లేదు" అని మరమ్మతుకు వచ్చేవాటిలో ఇలాంటివి తరచూ కనిపిస్తాయి.

మూడోది, వాడేకొద్దీ వోల్టేజి ఎలా తగ్గుతుందన్నది. కొన్ని సెల్‌లు మొదటి రోజు నుంచే కొద్దికొద్దిగా జారుతూ వస్తాయి. కొన్ని చివరిదాకా ఒకే తీరున నిలబడి, ఒక్కసారిగా పడిపోతాయి. 

నాలుగోది, పరికరం కరెంటును ఎలా లాగుతుందన్నది. ముళ్ళ వాచీకి కావాల్సింది మైక్రోఆంపియర్లలో, అంటే మిల్లీఆంపియరులో వెయ్యో వంతుల్లో ఉంటుంది. కారు రిమోట్ అలా కాదు, నెలల తరబడి ఊరికే ఉండి, బటన్ నొక్కిన క్షణంలో కొన్ని మిల్లీఆంపియర్లు ఒక్కసారిగా అడుగుతుంది. మొదటిదానికి చక్కగా సరిపోయే సెల్ రెండోదాని దగ్గర చతికిలబడుతుంది.

చివరిది లీకు. ఇరవై రూపాయల సెల్ కారి రెండు వేల రూపాయల పరికరాన్ని తినేయడం మామూలే.

చాలామంది మొదట చూసే ఎంఏహెచ్ అంకెను (సెల్ సామర్థ్యం, అంటే మొత్తం ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పేది) కావాలనే చివరికి నెట్టాం. ఒకే రకం, ఒకే కొలత ఉన్న రెండు సెల్‌లను పోల్చేటప్పుడే దానికి అర్థం ఉంటుంది.

## సెల్ మీది అక్షరాలు చెప్పే సంగతి

| మొదటి అక్షరాలు | లోపల ఉన్నది | వోల్టేజి |
|---|---|---|
| ఎల్ఆర్ | ఆల్కలైన్ | 1.5 |
| ఎస్ఆర్ | సిల్వర్ ఆక్సైడ్ | 1.55 |
| పీఆర్ | జింక్-ఎయిర్ | 1.4 |
| సీఆర్ | లిథియం (మాంగనీస్ డయాక్సైడ్) | 3 |
| బీఆర్ | లిథియం (కార్బన్ మోనోఫ్లోరైడ్) | 3 |
| ఎల్ఐఆర్ | ఛార్జ్ చేసుకునే లిథియం-అయాన్ | 3.6 |

తర్వాతి అంకెలు కొలత. సీఆర్2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. ఎస్ఆర్626లో 6 వెడల్పుకు గుర్తు (అసలు కొలత 6.8, దశాంశం వదిలేస్తారు), 26 అంటే 2.6 మిల్లీమీటర్ల మందం. 44, 41 లాంటివి మాత్రం పాత వరస నంబర్లు, వాటిలో కొలత కనబడదు.

ఏజీ13, ఏజీ3, ఏజీ4 అని రాసి ఉండేవి ఇంకో వరస. రసాయనశాస్త్రంలో ఏజీ వెండి గుర్తు కావడంతో ఇవి సిల్వర్ సెల్‌లని పొరబడేవాళ్ళున్నారు. కార్డు మీద పది చొప్పున గుచ్చి అమ్మే ఏజీ సెల్‌లు ఆల్కలైన్‌వే.

వాచీ రిపేరు షాపుల్లో వినిపించే 377, 371, 364 లాంటివి సిల్వర్ సెల్‌ల మూడంకెల పేర్లు. కింది పట్టికను ఫోన్లో ఉంచుకుంటే కొట్లో తడుముకోనక్కర్లేదు. సిల్వర్‌లో డబ్ల్యూ, ఎస్‌డబ్ల్యూ రకాల తేడా తర్వాత చెబుతాం.

| కొలత (మి.మీ.) | ఆల్కలైన్ | సిల్వర్ | డబ్ల్యూ రకం | ఎస్‌డబ్ల్యూ రకం |
|---|---|---|---|---|
| 11.6 × 5.4 | ఎల్ఆర్44, ఏజీ13 | ఎస్ఆర్44 | 357 | 303 |
| 11.6 × 3.1 | ఎల్ఆర్1130, ఏజీ10 | ఎస్ఆర్1130 | 389 | 390 |
| 9.5 × 2.7 | ఎల్ఆర్927, ఏజీ7 | ఎస్ఆర్927 | 399 | 395 |
| 9.5 × 2.1 | ఎల్ఆర్920, ఏజీ6 | ఎస్ఆర్920 | 370 | 371 |
| 7.9 × 3.6 | ఎల్ఆర్41, ఏజీ3 | ఎస్ఆర్41 | 392 | 384 |
| 6.8 × 2.6 | ఎల్ఆర్626, ఏజీ4 | ఎస్ఆర్626 | 376 | 377 |
| 6.8 × 2.1 | ఎల్ఆర్621, ఏజీ1 | ఎస్ఆర్621 | 363 | 364 |

పాత సెల్ మీది నంబరును గుడ్డిగా నమ్మొద్దు. కిందటిసారి మార్చినవాళ్ళు చేతికందింది పెట్టి ఉండొచ్చు. మూత లోపలి వైపు, సెల్ గూడు అంచున, వాచీ అయితే మెషీన్ మీద సరైన నంబరు చెక్కి ఉంటుంది. దానికీ పాత సెల్‌కీ తేడా వస్తే, చెక్కిన నంబరునే తీసుకోండి.

## ఆల్కలైనా, సిల్వరా?

ఎక్కువమంది తటపటాయించేది ఇక్కడే. గూడు ఒకటే, ధర చూస్తే సిల్వర్‌ది కొన్ని రెట్లు ఎక్కువ.

కొత్త ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులకు పైనే మొదలై, వాడేకొద్దీ ఏటవాలుగా దిగుతుంది. సగం వాడేసరికే 1.3 చుట్టుపక్కలకు వస్తుంది, ఒక వోల్టు దగ్గర పూర్తిగా నీరసిస్తుంది. సిల్వర్ అలా కాదు. 1.55 దగ్గర మొదలై చివరివరకు దాదాపు అక్కడే నిలబడి, లోపలి సరుకు అయిపోగానే దబ్బున పడుతుంది. అంటే 1.4 వోల్టులు లేనిదే సరిగ్గా పనిచేయని పరికరంలో ఆల్కలైన్ సెల్ సగం బలం లోపలే మిగిలుండగా పనికిరానిదైపోతుంది. కాగితం మీద రెండింటి సామర్థ్యం దగ్గరగా కనిపించినా (ఎల్ఆర్44కి సుమారు 110 నుంచి 150 ఎంఏహెచ్, ఎస్ఆర్44కి 150 నుంచి 200), వాడకంలో తేడా రెండింతలకు మించుతుంది.

డిజిటల్ వెర్నియర్‌ను (మందం, వెడల్పు కొలిచే పనిముట్టు) చూడండి. లేత్ షాపుల్లో, టూల్‌రూముల్లో ఎల్ఆర్44 పెట్టిన కొన్ని నెలలకే అంకెలు మిణుకుమనడం మొదలవుతుంది. సెల్ తీసి, వోల్టేజి చూపే మల్టీమీటర్ పెడితే ఇంకా 1.4 చూపిస్తుంది, "బాగానే ఉందే" అనిపిస్తుంది. నిజంగానే సెల్ బాగుంది, వెర్నియర్‌కు మాత్రం చాలదు. అదే సెల్‌ను చిన్న ఎల్ఈడీ బొమ్మలో పెడితే ఇంకా కొన్నాళ్ళు వెలుగుతుంది. వెర్నియర్‌లో 357 పెట్టండి. చవక రకం వెర్నియర్లు స్విచ్ ఆపినా లోపల కరెంటు లాగుతూనే ఉంటాయి కాబట్టి, వారాల తరబడి వాడనప్పుడు సెల్ తీసి పక్కన పెట్టడం ఇంకా మంచిది.

ముళ్ళ వాచీలదీ ఇదే సంగతి. చాలా క్వార్ట్జ్ మెషీన్లు సెల్ చివరికొచ్చిందని తెలపడానికి సెకన్ల ముల్లును రెండేసి సెకన్లకోసారి గెంతిస్తాయి. వాటిలో ఆల్కలైన్ పెడితే ఈ గెంతుడు చాలా ముందే మొదలవుతుంది, వాచీ పాడైందేమోనని కంగారు పడతారు. పైగా వాచీలో సెల్ కారితే పోయేది మెషీనే. సన్నని కాయిల్ తీగకు ఆ క్షారం తగిలితే తిరిగి బాగుపడదు. వాచీకి ఆల్కలైన్ వద్దే వద్దు. ఇందులో బేరానికి తావు లేదు.

మరి ఆల్కలైన్ ఎక్కడ చాలు? పిల్లల బొమ్మలు, చప్పుడు చేసే పుస్తకాలు, లేజర్ లైట్లు, వేలికి తొడిగే జపం కౌంటర్లు. ఇవి పోగొట్టుకునేవీ పగలగొట్టేవీ, వోల్టేజి కొంచెం తగ్గినా పనిచేసేవీ. వాటిలో సిల్వర్ పెట్టడం దండగ.

రెండింటి మధ్యలో నిలబడేవి కాలిక్యులేటర్లు. బీటెక్ పిల్లల చేతుల్లో కనిపించే కాసియో ఎఫ్ఎక్స్-991ఈఎస్ ప్లస్‌లో సోలార్ పలకతో పాటు ఒక ఎల్ఆర్44 ఉంటుంది. లాగే కరెంటు చాలా తక్కువ, ఏళ్ళు గడుస్తాయి. ప్రమాదం కూడా అందులోనే ఉంది: సెల్ సంగతే మరిచిపోతారు, అది లోపలే ముసలిదై కారుతుంది. దీనికి మంచి కంపెనీ ఎల్ఆర్44 చాలు. బాగా పనిచేస్తున్నా రెండు మూడేళ్ళకోసారి, సెమిస్టర్ పరీక్షలకు ముందే మార్చేయండి.

థర్మామీటర్‌కు మాత్రం మా ఓటు సిల్వర్‌కే. ఎల్ఆర్41తో కూడా పనిచేస్తుంది, చాలావాటిలో కంపెనీవాళ్ళు పెట్టిచ్చేదీ అదే. కానీ ఏడాదిలో నాలుగైదు సార్లు వాడే వస్తువు, అర్ధరాత్రి బిడ్డకు ఒళ్ళు కాలిపోతున్నప్పుడు తీస్తే వెలగాలి. డ్రాయర్లో పడి ఉన్న ఆల్కలైన్ ఆ పూట మొరాయించే అవకాశం ఎక్కువ. 392 పెట్టేస్తే ఆ బెంగ చాలావరకు తీరుతుంది.

## ఎస్‌డబ్ల్యూ, డబ్ల్యూ తేడా

సిల్వర్‌లోనే మళ్ళీ రెండు రకాలు. ఎస్‌డబ్ల్యూలో సోడియం హైడ్రాక్సైడ్ వాడతారు, కొద్దిపాటి కరెంటును ఏళ్ళ తరబడి ఇవ్వడానికి అనువైనది. డబ్ల్యూలో పొటాషియం హైడ్రాక్సైడ్ ఉంటుంది, ఎక్కువ కరెంటు ఒక్కసారిగా ఇవ్వగలదు. మామూలు ముళ్ళ వాచీకి ఎస్‌డబ్ల్యూ. లైటు, అలారం ఉన్న డిజిటల్ వాచీకి డబ్ల్యూ. ఎస్‌డబ్ల్యూ దొరక్కపోతే ముళ్ళ వాచీలో డబ్ల్యూ పెట్టొచ్చు, కొంచెం ముందుగా మార్చాల్సి వస్తుందంతే. లైటున్న వాచీలో ఎస్‌డబ్ల్యూ పెడితే మాత్రం బటన్ నొక్కగానే తెర మసకబారడమో, టైము మొదటికి రావడమో జరుగుతుంది.

చవక రకం నుంచి మధ్యతరగతి వాచీల దాకా విరివిగా వాడే మియోటా 2035 మెషీన్‌కు కావాల్సింది ఎస్ఆర్626ఎస్‌డబ్ల్యూ, అంటే 377. మంచి సెల్ మూడేళ్ళ దాకా నడుపుతుంది. ఆరు నెలలకే ఆగిందంటే పాత సరుకో నకిలీయో అయ్యుండాలి. సెల్ కొత్తదైనా అంతే త్వరగా పోతుంటే మెషీన్‌లో నూనె ఎండి, ముళ్ళు బరువెక్కాయని అర్థం.

## లిథియం సెల్‌లు: 2032, దాని బంధువులు

| సెల్ | కొలత (మి.మీ.) | సుమారు ఎంఏహెచ్ |
|---|---|---|
| సీఆర్1220 | 12.5 × 2.0 | 35–40 |
| సీఆర్1616 | 16 × 1.6 | 50–55 |
| సీఆర్1620 | 16 × 2.0 | 75–80 |
| సీఆర్1632 | 16 × 3.2 | 130–140 |
| సీఆర్2016 | 20 × 1.6 | 90 |
| సీఆర్2025 | 20 × 2.5 | 160 |
| సీఆర్2032 | 20 × 3.2 | 220–235 |
| సీఆర్2450 | 24.5 × 5.0 | 600 |

ఇక్కడ ఎంపిక సులువు. పరికరం ఏది అడిగితే అదే. మందం తక్కువదాన్ని అల్యూమినియం రేకు మడతపెట్టి బిగిస్తే పని నడవొచ్చు, కానీ ఆ మడత జరిగి రెండు ధృవాలనూ కలిపిందంటే సెల్ వేడెక్కుతుంది.

అంతకంటే ప్రమాదకరమైన సర్దుబాటు ఇంకోటుంది. 2032 దొరక్కపోతే రెండు 2016లు ఒకదానిమీద ఒకటి పెట్టడం. 1.6, 1.6 కలిస్తే సరిగ్గా 3.2 మిల్లీమీటర్లు, గూట్లో అతికినట్టు కూర్చుంటాయి. వోల్టేజి కూడా అలాగే కలిసి ఆరవుతుంది. మూడు వోల్టులకు చేసిన కారు రిమోట్‌లోని చిప్ అక్కడితో సరి. కొన్ని పరికరాల్లో తయారీదారే రెండు 2016లు వాడమంటాడు. అప్పుడు రివర్సులో ఒక్క 2032 పెడితే పరికరం వెలగదు.

లిథియంలో అసలు తేడా బ్రాండ్ల మధ్య కనిపిస్తుంది, అదీ ఒక్కసారిగా కరెంటు లాగే పరికరాల్లో. కారు రిమోట్‌లు, వస్తువు ఎక్కడుందో చూపే బ్లూటూత్ ట్రాకర్లు, షుగర్ మిషన్లు ఈ కోవలోవి. నాసిరకం సీఆర్2032 లోపలి నిరోధం ఎక్కువ. మల్టీమీటర్‌లో 3.1 చూపించినా, రిమోట్ నొక్కగానే కూలబడుతుంది. మంచిదో కాదో తేల్చుకోవాలంటే మల్టీమీటర్ కాళ్ళ మధ్య 470 ఓముల రెసిస్టర్‌ను ఒకటి రెండు సెకన్లు ఆనించి చూడండి. మంచి సెల్ వోల్టేజి కాస్త తగ్గి నిలబడుతుంది. అయిపోయినదైతే 2.5 కిందికి జారుతూనే ఉంటుంది. రెసిస్టర్ లేకుండా చూసిన అంకె లిథియం విషయంలో దాదాపు ఏమీ చెప్పదు, ఎందుకంటే చివరిదాకా అది మూడు దగ్గరే కనిపిస్తుంది.

పిల్లలు నోట్లో పెట్టుకోకుండా కొన్ని కంపెనీలు సెల్ మీద చేదు పూత వేస్తున్నాయి. మంచి ఆలోచనే. అయితే ఆ పూత రేకు తగిలే చోట పడితే కొన్ని పరికరాల్లో కరెంటు అందదు. ఎయిర్‌ట్యాగ్ అనే తమ ట్రాకర్‌లో చేదు పూత ఉన్న సెల్‌లు పనిచేయకపోవచ్చని ఆపిల్ సంస్థే చెబుతోంది. ట్రాకర్‌కు పూత లేనిది కొనండి, పసిపిల్లలున్న ఇంట్లో మిగతావాటికి పూత ఉన్నదే కొనండి.

కంప్యూటర్ మదర్‌బోర్డులో ఉండేది కూడా 2032నే. తేదీ వెనక్కి పోతుంటే, ఆన్ చేసినప్పుడల్లా సెట్టింగుల పేజీ దగ్గర ఆగుతుంటే దాన్నే అనుమానించాలి. మార్చేముందు బయోస్ సెట్టింగులను (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు చూసుకునేవి) ఫోటో తీసి పెట్టుకుని, ఆ తర్వాత ప్లగ్గు పీకేయండి. విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే రాసుకోండి, సెట్టింగులు చెరిగాక అది అడగొచ్చు. లాప్‌టాప్‌లలో చాలావాటికి తీగలు, చిన్న కనెక్టరు ఉన్న 2032 వస్తుంది. వాటికి విడి సెల్ కొని తీగలు సోల్డరింగ్ చేయకండి. ఆ వేడికి సెల్ ఉబ్బి పేలొచ్చు. తీగలతో సహా దొరికేదే కొని, ఎరుపు నలుపు వరస పాతదానితో సరిచూసుకోండి.

బీఆర్ సెల్‌ల గురించి రెండు మాటలు చాలు. ఎక్కువ వేడిని తట్టుకుంటాయి, ఏళ్ళ తరబడి కొద్ది కరెంటు ఇస్తాయి, ఒక్కసారిగా లాగితే తట్టుకోలేవు. పరికరం బీఆర్ అని అడిగితేనే కొనండి.

ఛార్జ్ చేసుకునే ఎల్ఐఆర్2032 చూసి "మళ్ళీ మళ్ళీ కొననక్కర్లేదు కదా" అని ఆశపడేవాళ్ళున్నారు. నిండుగా ఛార్జ్ చేస్తే 4.2 వోల్టులు వస్తుంది, మూడు వోల్టుల పరికరం కాలిపోవచ్చు. సామర్థ్యం చూస్తే 40 ఎంఏహెచ్ చుట్టుపక్కలే, మామూలు 2032లో ఐదో వంతు. ఒరిగేదేమీ లేదు. దీనికి తిరగేసిన పొరపాటు సోలార్ వాచీల్లో జరుగుతుంది. కొన్ని కాసియో సోలార్ వాచీల్లో ఉండే సీటీఎల్1616 ఛార్జ్ అయ్యే సెల్. కొలత ఒకటేనని దాని చోట సీఆర్1616 పెడితే, ఛార్జ్ చేయకూడని సెల్‌ను సోలార్ పలక రోజూ ఛార్జ్ చేయబోతుంది. అది ఉబ్బి కారే ప్రమాదం ఉంది.

## చెవి మిషన్ సెల్‌లు

వీటి పని తీరే వేరు. బయటి గాలిలోని ఆక్సిజన్ లోపలికి వెళ్తేనే కరెంటు పుడుతుంది. అందుకే వెనక చిన్న రంధ్రాలు, వాటి మీద రంగు స్టిక్కరు ఉంటాయి. రంగును బట్టి సైజు గుర్తుపట్టొచ్చు: పసుపు 10, గోధుమ 312, నారింజ 13, నీలం 675.

స్టిక్కర్ పీకాక ఒకటి నుంచి ఐదు నిమిషాలు అలాగే ఉంచి, ఆ తర్వాత మిషన్‌లో పెట్టండి. గాలి లోపలికి చేరకముందే మూసేస్తే సెల్ త్వరగా అయిపోయినట్టు ఉంటుంది. ఒకసారి పీకాక వాడినా వాడకపోయినా కొన్ని వారాల్లో అది ముగిసిపోతుంది, స్టిక్కర్ తిరిగి అంటించినా పెద్దగా లాభం లేదు. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, బయటికి తీయగానే తేమ పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో తేమ లోపలికి చేరి, ఎండాకాలం పొడిగాలికి లోపలి తడి ఆరి, రెండు విధాలా ఆయుష్షు తగ్గుతుంది. కాబట్టి ఏడాదికి సరిపడా ఒకేసారి కొనకండి, రెండు మూడు నెలలకు సరిపడా చాలు.

675 సామర్థ్యం 600 ఎంఏహెచ్ దాటుతుందని, ఎల్ఆర్44 గూట్లో పెట్టి చూసేవాళ్ళున్నారు. గాలి ఆడని కాలిక్యులేటర్‌లో అది నిలవదు, గాలి ఆడినా వారాల్లోనే ఎండిపోతుంది.

ఆరోగ్యశ్రీ కింద కాక్లియర్ ఇంప్లాంట్ చేయించుకున్న పిల్లలున్న ఇళ్ళు ఒకటి గమనించాలి. విడి సెల్‌లతో నడిచే ప్రాసెసర్‌కు (బయట తగిలించుకునే భాగం) ఇంప్లాంట్ రకం 675 వేరుగా ఉంటుంది. ఎక్కువ కరెంటు ఇచ్చేలా చేసినది. మామూలు నీలం స్టిక్కరు 675 పెడితే మధ్యలోనే ఆగిపోతుంది, బిడ్డ తనకు వినబడటం లేదని చెప్పలేకపోవచ్చు.

## ఏ వస్తువుకు ఏది

| వస్తువు | మా సలహా | ఎందుకు |
|---|---|---|
| ముళ్ళ వాచీ | సిల్వర్, ఎస్‌డబ్ల్యూ | కారడం తక్కువ, వోల్టేజి నిలకడ |
| లైటున్న డిజిటల్ వాచీ | చెక్కిన నంబరు ప్రకారం డబ్ల్యూ లేదా సీఆర్ | లైటుకు ఎక్కువ కరెంటు కావాలి |
| థర్మామీటర్ | ఎస్ఆర్41 (392) | అవసరమైన పూట పనిచేయాలి |
| డిజిటల్ వెర్నియర్ | ఎస్ఆర్44 (357) | ఆల్కలైన్ సగంలోనే చాలకపోతుంది |
| కాలిక్యులేటర్ | మంచి కంపెనీ ఎల్ఆర్44 | లాగేది తక్కువ, గడువుకు మార్చాలి |
| బొమ్మలు, జపం కౌంటర్ | ఆల్కలైన్ | ఖరీదు పెట్టనక్కర్లేదు |
| షుగర్ మిషన్, కారు రిమోట్ | మంచి కంపెనీ సీఆర్ సెల్ | ఒక్కసారిగా కరెంటు లాగుతాయి |
| చెవి మిషన్ | రంగు ప్రకారం జింక్-ఎయిర్ | వేరేదేదీ నప్పదు |

పాత ఫిల్మ్ కెమెరాలు వాడేవాళ్ళకు ఒక మాట. నికాన్ ఎఫ్ఎం2 లాంటివి రెండు ఎస్ఆర్44లతోనైనా, మూడు వోల్టుల ఒక్క సీఆర్1/3ఎన్‌తోనైనా నడుస్తాయి. లిథియం వోల్టుల కుటుంబం వేరని పైన చెప్పింది దీనికి అడ్డు కాదు. రెండు సెల్‌లు కలిసి మూడు వోల్టులే కదా.

## కొట్లో చూసుకోవాల్సినవి

విడిగా డబ్బాలో కలగలిపి పోసి ఉంచినవి కొనొద్దు. లోహం లోహానికి తగిలి సెల్‌లు షార్ట్ అయి, కొనకముందే సగం అయిపోయి ఉంటాయి. సీల్ చేసిన అట్టలో ఉన్నది, తయారీ తేదీ లేదా గడువు తేదీ కనిపించేది తీసుకోండి. లిథియం చాలా ఏళ్ళు నిల్వ ఉంటుంది, అట్ట మీద పదేళ్ళ గడువు కూడా కనిపిస్తుంది. ఆల్కలైన్‌కు అంత ఓపిక లేదు, రెండేళ్ళు దాటినదైతే వదిలేయండి.

నకిలీ 2032ను పట్టడానికి బరువు పనికొస్తుంది. అసలుది దాదాపు మూడు గ్రాములు తూగుతుంది, లోపల సరుకు తగ్గించినవి తేలిపోతాయి. అంచు దగ్గర ముద్రణ చెరిగినట్టున్నా, ప్లస్ గుర్తు చెక్కకుండా సిరాతో అద్దినట్టున్నా పక్కన పెట్టండి.

## మార్చేటప్పుడు

ఇనుప పట్టకారుతో సెల్‌ను రెండు వైపులా పట్టుకుంటే షార్ట్ అవుతుంది. ప్లాస్టిక్ పట్టకారు వాడండి, లేదా అంచు పట్టుకుని ఎత్తండి. వేళ్ళ చెమట మరక మిగలకుండా పొడి గుడ్డతో తుడిచి పెట్టండి. వెడల్పుగా, చదునుగా ఉండి అంచు దాకా వచ్చే వైపు ప్లస్. మూడు సెల్‌లు వేసే బొమ్మల్లో ఒక్కటి పాతది మిగిల్చినా, మిగతా రెండూ దాన్ని వెనక్కి నెట్టి కారేలా చేస్తాయి. మూడూ ఒకేసారి, ఒకే అట్టలోవి వేయండి.

గూట్లో తెల్లటి పొడి పేరుకుని ఉంటే అది ఆల్కలైన్ నుంచి కారిన క్షారం. దూదిపుల్లకు కాస్త వెనిగర్ గానీ నిమ్మరసం గానీ అద్ది, బుడగలు ఆగేదాకా తుడవండి. ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇంకోసారి తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. హైదరాబాద్ కోఠిలాంటి చోట్ల ఎలక్ట్రానిక్స్ కొట్లలో ఇది సీసాల్లో దొరుకుతుంది. నిమ్మరసం తేమ వదిలేస్తే రేకు తుప్పు పడుతుంది, కాబట్టి ఈ రెండో తుడుపు మానొద్దు.

కొన్ని కాసియో డిజిటల్ వాచీల్లో కొత్త సెల్ పెట్టాక కూడా తెర ఖాళీగా ఉంటుంది. మెషీన్ మీద ఏసీ అని రాసి ఉన్న చిన్న గుంత ఉంటే, ఇనుప పట్టకారు (ఇక్కడ ప్లాస్టిక్‌ది పనికిరాదు) ఒక కాలు అందులో, రెండో కాలు సెల్ ప్లస్ వైపు రెండు సెకన్లు ఆనిస్తే మెషీన్ మళ్ళీ మొదలవుతుంది.

## పిల్లలున్న ఇంట్లో

20 మిల్లీమీటర్ల లిథియం సెల్ పసిబిడ్డ అన్నవాహికలో సరిగ్గా ఇరుక్కునే కొలత. తడి కండకు తగలగానే మైనస్ వైపు ఘాటైన క్షారం పుడుతుంది, రెండు గంటల్లోపే లోపల తీవ్రంగా కాలిపోతుంది. "అయిపోయిన" సెల్‌లో కూడా దానికి సరిపడా కరెంటు మిగిలే ఉంటుంది. కాబట్టి స్క్రూ లేని మూత ఉన్న బొమ్మ, తూకం, రిమోట్ ఏదైనా సరే పిల్లల చేతికి ఇవ్వొద్దు. మార్చేటప్పుడు పాత సెల్ టేబుల్ మీద ఒక్క నిమిషం కూడా ఉంచొద్దు.

మింగినట్టు అనుమానం వచ్చినా సరే ఆగకండి. ఎక్స్‌రే, ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి వెంటనే బయల్దేరండి, వాహనం లేకపోతే 108. వాంతి చేయించొద్దు, అన్నం పెట్టొద్దు. ఏడాది నిండిన బిడ్డ, మింగి 12 గంటలు దాటకపోయి, తేనె మింగగలిగితే, దారిలో పది నిమిషాలకోసారి 10 మిల్లీలీటర్లు, అంటే రెండు చిన్న చెంచాలు, గరిష్ఠంగా ఆరుసార్లు ఇవ్వొచ్చు. తేనె కోసం ప్రయాణం ఆపొద్దు. ఏడాది లోపు బిడ్డకు తేనె అసలు వద్దు. లక్షణాలేమీ లేవని ఇంట్లో ఉండిపోకండి, చాలాసార్లు మొదట్లో ఏమీ కనబడదు. నాణెం అనుకున్నా ఎక్స్‌రే తీయించండి, సెల్ అయితే అంచున రెండు వలయాలు కనిపిస్తాయి. ముక్కులో, చెవిలో ఇరుక్కున్నా ఇది అత్యవసరమే, అక్కడ చుక్కలేమీ వేయొద్దు.

## పాతవాటిని పడేసేటప్పుడు

తీసిన ప్రతి సెల్‌కూ రెండు వైపులా సెల్లోటేపు అంటించి, మూత బిగించిన డబ్బాలో పిల్లలకు అందని చోట వేస్తూ ఉండండి. టేపు లేకుండా ఒకే డబ్బాలో పోగుపడిన లిథియం సెల్‌లు ఒకదానికొకటి తగిలి వేడెక్కుతాయి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం బ్యాటరీలను ఇంటి చెత్తలో కలపకూడదు. డబ్బా నిండాక ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి, లేదా పాత సెల్‌లు తీసుకునే కొట్టుకు ఇవ్వండి.